బీఏ చదివితే ఏం ఉద్యోగం వస్తుంది? పరకాల చెల్లెకు కొంచెం పొడుగు జవాబు

చెల్లె, నీ ప్రశ్న నాకు అర్థమైంది ఇది. ఇంటర్ ఎంపీసీ పాసయ్యావు, ఎప్‌సెట్‌లో ర్యాంకు సరిగ్గా రాలేదు. బాపు మేనేజ్‌మెంట్ కోటాలో బీటెక్ సీటు తీసుకుందామంటున్నాడు, నీకేమో హన్మకొండలో హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్‌తో బీఏ చేయాలని ఉంది. "లిబరల్ ఆర్ట్స్‌కే ఇక భవిష్యత్తు అని యూట్యూబ్‌లో చెప్తున్నారు, మా ఊళ్లో బీఏ అంటే నవ్వుతున్నారు, ఎవరి మాట నమ్మాలి?" అని అడిగావు.

నేను హన్మకొండలోనే బీఏ చేశాను, తర్వాత ఎంఏ ఎకనామిక్స్, ఆ తర్వాత నుంచి సర్వేలు, ఫీల్డ్ రీసెర్చ్ పనిలోనే ఉన్నాను. మా దగ్గర కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసి తీసుకునేది కూడా కొన్నేళ్లుగా నేనే. కాబట్టి రెండు వైపులా చూసిన మాట చెప్తున్నా: బీఏ పట్టా చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కానీ బీఏ నిజంగా చదివితే వచ్చే పనితనం ఒకటుంది. పెద్ద కాగితం చదివి అసలు విషయం పట్టుకోవడం, మనుషులను సరైన ప్రశ్న అడగడం, దొరికినదాన్ని ఎదుటివాళ్లకు అర్థమయ్యేట్టు రాయడం. దానికి గిరాకీ ఉంది, నేను చూస్తుండగానే పెరిగింది కూడా. చిక్కేమిటంటే మన దగ్గర ఇవేవీ రాకుండానే బీఏ పాస్ కావచ్చు. పరీక్షకు వారం ముందు గైడ్ కొని, ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ కొట్టి, మూడేళ్లూ అట్లనే దాటేసినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. మీ ఊరివాళ్లు నవ్వేది వాళ్లను చూసే. ఆ నవ్వుకు కారణం ఉంది, కాకపోతే అది చదువులో ఉన్న లోపం కాదు.

ముందు లిబరల్ ఆర్ట్స్ అంటే బొమ్మలు గీయడం, డాన్స్ నేర్చుకోవడం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక ముక్క. యూరప్‌లో మధ్యయుగాల్లో ఈ చదువులో ఏడు విద్యలు ఉండేవి: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం. చూడు, ఏడింటిలో లెక్కల వాటా ఎంతుందో. లెక్కలంటే భయపడి వచ్చేవాళ్ల కోసం పెట్టిన చదువు కాదిది, ఎంపీసీ చదివి వస్తున్నావంటే నీకు అది బలమే. 2020 జాతీయ విద్యా విధానం కూడా డిగ్రీలో ఆర్ట్స్, సైన్స్ మధ్య గోడలు తీసేయాలనే చెప్పింది. మన తెలంగాణలో డిగ్రీ సీట్లు ఇచ్చే ఆన్‌లైన్ పద్ధతి దోస్త్ ద్వారా చేరేటప్పుడు పాతకాలపు హెచ్‌పీపీ (హిస్టరీ, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్), ఈపీపీ (అందులో హిస్టరీకి బదులు ఎకనామిక్స్) లాంటి సబ్జెక్టుల కట్టలే కాకుండా బీఏలో కంప్యూటర్ అప్లికేషన్స్ కలిసిన కాంబినేషన్లు కూడా ఉంటున్నాయి. ఇంజనీరింగ్ వాళ్లకూ ఇది తప్పదు. మన వరంగల్ నిట్‌లో హ్యుమానిటీస్ విభాగం ఉంది, బీటెక్ పిల్లలు ఇంగ్లీషు, ఎకనామిక్స్ లాంటివి చదవాల్సిందే. రాయడం, మాట్లాడటం, డబ్బు లెక్క తెలియడం లేకుండా ఇంజనీరు కూడా ఎక్కువ దూరం పోలేడని వాళ్లకు తెలుసు.

ఇప్పుడు ఈ చదువు పనిలో ఎట్లా అక్కరకొస్తుందో ఒక్క ఉదాహరణ వివరంగా చెప్తాను, ఎందుకంటే "క్రిటికల్ థింకింగ్" అని మాటల్లో చెప్తే మీ బాపుకు ఏమీ అర్థం కాదు, నాకూ అట్లా చెప్పడం ఇష్టం ఉండదు.

ఒకసారి రైతు కుటుంబాల ఆదాయం మీద సర్వే. ప్రశ్నల పట్టిక పైనుంచి తయారై వచ్చింది, ట్యాబ్‌లో యాప్ బ్రహ్మాండంగా ఉంది, తప్పు అంకె కొడితే ఎర్రగా చూపిస్తుంది, చేసిన పిల్లలు నిజంగా తెలివైనవాళ్లు. అందులో ఒక ప్రశ్న: "మీ కుటుంబం నెల ఆదాయం ఎంత?" నర్సంపేట వైపు ఒక మిర్చి రైతు ముందు కూర్చుని ఆ ప్రశ్న అడిగితే ఆయన ఏం చెప్తాడు? ఆయనకు నెల జీతం లేదు. మిర్చి డబ్బు పంట అమ్మిన ఎండాకాలంలో వస్తుంది, పత్తి డబ్బు చలికాలంలో వస్తుంది, మధ్యలో నెలల తరబడి చేతికి రూపాయి రాదు. ఆయన ఏదో ఒకటి చెప్పాలని "ఐదు వేలు రాసుకో బిడ్డా" అన్నాడు. యాప్ దాన్ని సంతోషంగా తీసుకుంది. అంకె సరిపోయింది, అది నిజం మాత్రం కాదు. ఇట్లాంటివి వెయ్యి జవాబులు పోగుచేసి గ్రాఫ్ గీస్తే అందంగానే కనిపిస్తుంది.

ఆ బృందంలో ఒక అమ్మాయి బీఏ చేసి వచ్చింది. ఆమె ప్రశ్నను పక్కనపెట్టి వేరే దారిలో మొదలుపెట్టింది. ఈసారి మిర్చి ఎన్ని ఎకరాలు పెట్టారు, ఏరడం ఎప్పుడు మొదలైంది, ఎనుమాముల మార్కెట్‌కు ఎన్ని బస్తాలు తీసుకుపోయారు, క్వింటాలుకు ఎంత పలికింది. అక్కడిదాకా ఎవరైనా అడుగుతారు. తర్వాత ఆమె, "తక్‌పట్టీ ఇంట్లో ఉందా పెద్దనాన్నా?" అంది. తక్‌పట్టీ అంటే మార్కెట్‌లో పంట అమ్మినప్పుడు ఇచ్చే లెక్క చీటీ. ఆయన లోపలికి పోయి మడతపెట్టిన ఆ చీటీ తెచ్చాడు. అందులో బస్తాలు, తూకం, ధర, హమాలీ ఖర్చు అన్నీ ఉన్నాయి. విత్తనాలకు, మందులకు అడ్తి (కమీషన్ వ్యాపారి) దగ్గర ముందే తీసుకున్న డబ్బు ఎంత, దానికి మిత్తి ఎంత పట్టుకున్నాడు, చివరికి చేతికి ఎంత వచ్చిందన్నది చీటీలో లేకపోతే నోటితో అడిగింది. తర్వాత ఇంటామె కూలికి పోయిన రోజులు, హైదరాబాద్‌లో ఉన్న కొడుకు పంపేది. అరగంట పట్టింది. ఆ ఇంటి సంవత్సర ఆదాయం ఎంతో, అందులో అప్పుకు పోయేది ఎంతో తేలింది. ఐదు వేల లెక్కకూ దీనికీ పొంతనే లేదు. తర్వాత ఆ ప్రశ్నను మొత్తం సర్వేలోనే మార్చాం.

ఆ అమ్మాయికి ఆ నేర్పు ఎక్కడి నుంచి వచ్చింది? కొంత ఊరి నుంచే, అది నిజం. కానీ ఊరి నుంచి వచ్చిన మిగతావాళ్లు అట్లా అడగలేదు కదా. ఎకనామిక్స్ ఆమెకు స్థూల ఆదాయం వేరు, నికర ఆదాయం వేరు అని చెప్పింది. హిస్టరీ ఇంకో అలవాటు నేర్పింది: ఏ ఆధారం ముందుకొచ్చినా దీన్ని ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎప్పుడు రాశారు అని అడగడం. మన రామప్ప గుడినే తీసుకో. క్రీ.శ. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినట్టు అక్కడి శాసనం చెప్తుంది. శాసనాల్లో కాలం, దానం వివరాలు ఉండే భాగం ఉంటుంది, రాజును ఆకాశానికెత్తే ప్రశస్తి భాగం ఉంటుంది. రెండింటినీ ఒకే తీరుగా నమ్మకూడదని హిస్టరీ క్లాసులో మంచి సారు ఉంటే మొదటి ఏడాదిలోనే చెప్తారు. రైతు నోటితో చెప్పిన అంకెకూ, ఆయన దాచుకున్న చీటీలోని అంకెకూ తేడా చూడటం అదే పని. రాజు శాసనం మీద నేర్చుకున్నది మిర్చి చీటీ మీద పనికొచ్చింది.

రామప్ప మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి అది చేరింది. ఇసుక పునాది ఎట్లా పనిచేస్తుంది, నీళ్లలో తేలే ఇటుక ఎట్లా తయారైంది అని చెప్పడానికి ఇంజనీర్లు కావాలి. ఆ గుడి ప్రపంచానికంతటికీ ఎందుకు ముఖ్యమో ఆధారాలతో వాదించి రాయడానికి చరిత్ర, శిల్పం తెలిసి, రాత వచ్చినవాళ్లు కావాలి. ఒక్కరితో అయ్యే పని కాదు. ఇప్పటి ఉద్యోగాలు చాలావరకు ఇట్లాగే ఉన్నాయి, ఆస్పత్రి యాప్ అయినా, బ్యాంకు యాప్ అయినా, ప్రభుత్వ పథకం డ్యాష్‌బోర్డ్ అయినా. కోడ్ రాసేవాళ్లు ఒక వైపు, వాడే మనిషి ఎక్కడ తడబడుతున్నాడో కనిపెట్టి చెప్పేవాళ్లు ఇంకో వైపు. రెండోదాన్ని యూజర్ రీసెర్చ్ అంటున్నారు, దానికి సైకాలజీ, సోషియాలజీ చదివినవాళ్లను తీసుకుంటున్నారు.

ఏఐ వచ్చింది కదా, రాసే పనులన్నీ పోతాయి కదా అని కూడా అడిగావు. సగం నిజం. మామూలు రిపోర్టు, ఈమెయిల్, సారాంశం ఇప్పుడు చాట్‌జీపీటీ నిమిషంలో ఇస్తుంది. ఇదివరకు డ్రాఫ్టు రాయగలిగినవాళ్ల కోసం వెతికేదాన్ని. ఇప్పుడు ఇంటర్వ్యూలో డ్రాఫ్టు నేనే ఇస్తాను, రెండు పేజీలు, చదవడానికి నున్నగా ఉంటుంది, లోపల తప్పులుంటాయి. ఒకచోట లెక్క కుదరదు, ఒకచోట కారణం అని చెప్పింది కారణమే కాదు, ఒకచోట ఒక జిల్లా విషయం తీసుకొచ్చి రాష్ట్రం మొత్తానికి అంటగట్టి ఉంటుంది. అరగంట ఇచ్చి "ఇందులో ఏం నమ్మవు, ఎందుకు?" అని అడుగుతాను. ఇంత పెద్ద మార్కుల మెమోలు పెట్టుకుని వచ్చినవాళ్లు స్పెల్లింగులు దిద్ది ఇస్తారు. ఎప్పుడూ పుస్తకాలు చదువుతూ, దేనిమీదైనా వాదించుకునే అలవాటు ఉన్నవాళ్లు మొదటి పేరాలోనే ఆగుతారు. ఇది ఏ డిగ్రీవాళ్లకైనా రావచ్చు, బీటెక్ పిల్లల్లోనూ చూశాను. కానీ మూడేళ్లు ఇదే పని చేయించే చదువు మాత్రం ఇదొక్కటే, సరిగ్గా చదివితే.

ఇక దారులు. గవర్నమెంట్ ఉద్యోగం గురించి మీ ఇంట్లో తప్పకుండా అడుగుతారు. గ్రూప్-1 మెయిన్స్‌లో అర్హత కోసం ఉండే ఇంగ్లీషు కాకుండా ఆరు పేపర్లు, ఒక్కొక్కటి 150 మార్కులు. జనరల్ ఎస్సే, చరిత్ర-సంస్కృతి-భూగోళం, సమాజం-రాజ్యాంగం-పాలన, ఆర్థిక వ్యవస్థ, సైన్స్ అండ్ టెక్నాలజీ-డేటా ఇంటర్‌ప్రెటేషన్, తెలంగాణ ఉద్యమం. సైన్స్ పేపర్ తీసేస్తే మిగతాదంతా నువ్వు చదువుదామనుకుంటున్న మూడు సబ్జెక్టుల చుట్టే తిరుగుతుంది. యూపీఎస్సీ మెయిన్స్ జనరల్ స్టడీస్‌లోనూ పెద్ద భాగం అంతే. బీటెక్ పూర్తిచేసి, హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని మొదటి నుంచి ఇవన్నీ చదువుకునే అన్నలు ఎందరో ఉన్నారు, నీకు ఆ మూడేళ్లు కలిసొస్తాయి. కానీ చెల్లె, కేవలం గ్రూప్స్ కోసమని బీఏలో చేరకు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో, కోర్టు కేసు ఎప్పుడు పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. దాన్ని ఒక దారిగా పెట్టుకో, జీవితం మొత్తం దానిమీద పెట్టకు.

మిగతావి త్వరగా చెప్తా. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, ఐసెట్ రాసి ఎంబీఏ, ఎడ్‌సెట్ రాసి బీఈడీ, సీపీగెట్ రాసి ఎంఏ లేదా ఎంఎస్‌డబ్ల్యూ. డిగ్రీ మార్కుల అర్హత చూసుకుంటే బీఏతో ఇవన్నీ రాయొచ్చు. బ్యాంకు పరీక్షలకు ఏ డిగ్రీ అయినా చాలు. మీడియాలో ఫ్యాక్ట్ చెక్, కంటెంట్, సబ్‌టైటిల్స్, స్వచ్ఛంద సంస్థల్లో ఫీల్డ్, మానిటరింగ్ ఉద్యోగాలు, కంపెనీల్లో హెచ్‌ఆర్, ట్రైనింగ్. ఎకనామిక్స్‌తో పాటు స్టాటిస్టిక్స్ పట్టుకుంటే డేటా అనలిస్ట్ దారి కూడా తెరుచుకుంటుంది. పైస్థాయిలో చూడాలంటే, రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌గా 2018 నుంచి 2024 దాకా ఉన్న శక్తికాంత దాస్ చదివింది హిస్టరీ ఎంఏ. అప్పట్లో దానిమీద ఎగతాళి కూడా చేశారు. కరోనా కాలంలో బ్యాంకుల వ్యవహారమంతా నడిపింది ఆయనే.

డబ్బు సంగతి దాచకుండా చెప్పాలి. బీఏతో మొదటి జీతం మంచి కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చేసినవాళ్ల కంటే చాలా తక్కువ ఉంటుంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్ అనేది మన వైపు బీఏ కాలేజీల్లో దాదాపు లేనట్టే. పేరున్న ఉద్యోగం కావాలంటే పీజీయో, లా డిగ్రీయో చేయాల్సి వస్తుంది, అంటే కుదురుకునేసరికి ఐదారేళ్లు. ఇంట్లో మూడేళ్ల తర్వాత నీ సంపాదన తప్పనిసరి అయితే ఆ సంగతి ముందే కూర్చుని మాట్లాడుకోండి, వేరే ఆలోచన చేయడంలో తప్పేమీ లేదు. నీకు కోడింగ్ నిజంగా ఇష్టమైతే, ర్యాంకు రాలేదన్న నిరాశతోనే బీఏ అంటున్నావైతే, బీఎస్సీ కంప్యూటర్స్ చూడు. సులువుగా ఉంటుందని మాత్రం బీఏకి రాకు. సరిగ్గా చదివితే ఇది సులువు కాదు.

అమ్మాయివి కాబట్టి ఇంకో మాట. మన దగ్గర ఆడపిల్లను బీఏలో చేర్పించేటప్పుడు "పెళ్లయ్యేదాకా ఏదో ఒకటి చదవనీ" అనుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మాట వింటే నాకు కడుపు మండుతుంది. ఎంతో తెలివైన పిల్లలు క్లాసుకే పోకుండా, పరీక్షలప్పుడు మాత్రం వచ్చి, పట్టా తీసుకుని ఇంట్లో కూర్చోవడం చూశాను. నువ్వు చేరితే మొదటి రోజు నుంచే ఇది నా బతుకుదెరువు చదువు అని ఇంట్లో అందరికీ తెలిసేట్టు చదువు.

ఎట్లా చదవాలంటే, నా మటుకు నేను చెప్పేది ఇది. గైడ్ ముట్టుకోకు, తెలుగు అకాడమీ పుస్తకాలు కొనుక్కో, ఇంగ్లీషులో అదే విషయం ఎన్‌సీఈఆర్‌టీలో చదువు. వారానికి ఒకటి రాయి, ఒక పేజీ చాలు, చదివిన అధ్యాయం మీద కాదు, చూసిన విషయం మీద. పరకాల నుంచి బస్సులో వస్తావు కదా, ఎండాకాలంలో ఎనుమాముల మార్కెట్‌కు పో, హమాలీలతో, రైతులతో మాట్లాడి, ఆ రోజు ధర ఎట్లా తేలిందో రెండు పేజీలు రాయి. కొత్తవాడలో జంపఖానా నేసేవాళ్ల దగ్గరికి పో. వరంగల్ జంపఖానాలకు జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే అధికారిక గుర్తింపు) ఉంది, ఆ గుర్తింపు వల్ల మగ్గం మీద కూర్చున్నాయనకు ఏం మారింది, ఏం మారలేదు అని అడుగు. ఇట్లాంటివి మూడేళ్లలో డజను పోగుచేసుకుంటే ఏ ఇంటర్వ్యూకైనా చేతిలో పట్టుకుపోవడానికి నీదంటూ పని ఉంటుంది. మెమోలో మార్కుల కంటే నేను ముందు అడిగేది అదే.

దాంతోపాటు ఒక పనిముట్టు గట్టిగా నేర్చుకో. ఎక్సెల్‌తో మొదలుపెట్టు, పివట్ టేబుల్ (పెద్ద పట్టికను కుదించి లెక్క చూపించేది) భయం లేకుండా చేయగలగాలి, తర్వాత ఆసక్తి ఉంటే ఆర్ లేదా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. ఎంపీసీ పిల్లవి, కష్టం కాదు. ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకు కానీ వదిలేయకు, రోజూ ఎడిటోరియల్ ఒకటి బయటికి చదువు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లను నేను చాలామందిని తీసుకున్నాను, వాళ్ల ఇంగ్లీషు ఏడాదిలో దారికొచ్చింది. ఆలోచన లేనివాళ్లకు ఏడాదిలో ఆలోచన నేర్పలేకపోయాం. కూర్చుని చదువుకోవడానికి హన్మకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయం ఉంది, 1904లో మొదలైన గ్రంథాలయం, ఒకసారి చూసి రా.

కాలేజీ ఎంపిక దగ్గర తొందరపడకు. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ, అమ్మాయిలకు పింగిళి కాలేజీ, ఇట్లా హన్మకొండలోనే ఉన్నాయి. కానీ ఈసారి కాకపోయినా వచ్చే ఏడాదికైనా సీయూఈటీ, అంటే సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష గురించి తెలుసుకో. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, హైదరాబాద్‌లోనే ఉన్న ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ (ఇఫ్లూ)లో బీఏ ఉంది, ఢిల్లీ కాలేజీలు ఉన్నాయి. ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే ఫీజులు తక్కువ, చదువు గట్టిది. యూట్యూబ్‌లో నువ్వు చూసిన అశోకా, క్రియా లాంటి ప్రైవేటు యూనివర్సిటీల ఫీజు మన ఇళ్లకు అందేది కాదు, అయితే బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీ ఇంటి ఆదాయాన్ని బట్టి స్కాలర్‌షిప్ ఇస్తుంది, దరఖాస్తు పెట్టడంలో పోయేదేమీ లేదు.

బాపుతో మాట్లాడేటప్పుడు లిబరల్ ఆర్ట్స్ అని మొదలుపెట్టకు. ఒక తెల్ల కాగితం తీసుకో. ఒక వైపు మేనేజ్‌మెంట్ సీటుకు నాలుగేళ్ల ఫీజు, హాస్టల్, దానికి అప్పు చేస్తే మిత్తి, ఆ కాలేజీలో నిరుడు కంప్యూటర్ సైన్స్ పిల్లల్లో నిజంగా ఉద్యోగం వచ్చింది ఎందరికో రాయి, బ్రోచర్ చూసి కాదు, సీనియర్లను అడిగి. ఇంకో వైపు బీఏ మూడేళ్లు, పీజీ రెండేళ్లు, బస్ పాస్, పుస్తకాలు, నువ్వు చేరదలచుకున్న కాలేజీలో బీఏ అయినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో రాయి, అదీ సీనియర్లను అడిగే. అడిగేటప్పుడు "కాలేజీ బాగుంటుందా?" అని అడిగితే అందరూ బాగుంటుందనే అంటారు. హిస్టరీ క్లాసులు వారానికి ఎన్ని జరిగాయి, రెగ్యులర్ లెక్చరర్ ఉన్నారా, గెస్ట్ వాళ్లతో నడిపిస్తున్నారా, లైబ్రరీ నుంచి ఇంటికి పుస్తకం ఇస్తారా, ఎప్పుడైనా ప్రాజెక్టు రాయించారా అని అడుగు. ఈ జవాబులన్నీ దొరికాక దోస్త్‌లో ఆప్షన్లు పెట్టే ముందు ఇక్కడే రాయి, ఏది ముందు పెట్టాలో కలిసి చూద్దాం.